ఆజ్ఞ లేని చోట తేదీయే పెద్ద: స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ విడుదలలు, డెవలపర్ల కూడికలు - పల్నాడు నుంచి ఒక సమీక్ష

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో వచ్చే రాతలు చాలావరకు రెండు మాటల దగ్గర ఆగిపోతాయి. ఒకటి, అది ఉచితం. రెండు, దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. రెండూ నిజమే. వాటికన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. జీతం లేదు, పై అధికారి లేడు, చాలామంది ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. అలాంటి వందలమంది చేసిన పని ఒకానొక రోజున ఒక్కచోటికి చేరి, నమ్మి వాడుకోదగ్గ సాఫ్ట్‌వేర్‌గా ఎలా బయటికొస్తోంది? ఆ రోజును ఎవరు నిర్ణయిస్తారు? ఆ మనుషులు అసలు ఎందుకు కలుసుకోవాలి, ఎక్కడ కలుసుకోవాలి?

విడుదలల సమన్వయం సాంకేతిక వ్యవహారమని, డెవలపర్ల కూడికలు సభానిర్వహణ అని విడివిడిగా చూడటం మనకు అలవాటు. పాతికేళ్ల అనుభవాన్ని దగ్గరపెట్టుకుని చూస్తే రెండింటి మూలం ఒకటేనని తేలుతుంది. ప్రపంచంలోని పెద్ద స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఒకటైన డెబియన్‌కు (లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) రాతపూర్వక రాజ్యాంగం ఉంది. ప్రాజెక్టు కోసం పని చేసి తీరాలనే బాధ్యత ఎవరి మీదా లేదని అందులో స్పష్టంగా రాసుకున్నారు. ఎవరినీ ఆజ్ఞాపించే వీలు లేనప్పుడు మిగిలే సాధనాలు రెండే: అందరూ ఒప్పుకున్న తేదీ, ఒకరిమీద ఒకరికి నమ్మకం. మొదటిదాన్ని విడుదల క్యాలెండర్ ఇస్తుంది. రెండోదాన్ని కూడిక ఇస్తుంది. ఈ రెండింటినీ ఒక్క క్యాలెండర్ మీదికి తెచ్చినవాళ్లే నిలిచారన్నది ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న మాట. నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి ఊళ్ల నుంచి ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకు దారి కూడా అక్కడే ఉంది.

తేదీ ముందా, సిద్ధపడటం ముందా?

ఈ రంగంలో అన్నిటికన్నా పాత తగువు ఇదే. అనుకున్న మార్పులన్నీ పూర్తయ్యాకే విడుదల చేయాలని ఒక వర్గం. తేదీని ముందే ప్రకటించి, ఆ రోజుకు సిద్ధమైనంత వరకు విడుదల చేసి, మిగతాది తర్వాతి విడుదలకు వదలాలని రెండో వర్గం.

మొదటి పద్ధతి ఎంత దూరం పోతుందో డెబియనే చూపించింది. దాని 3.0 సంచిక 2002 జులై 19న వచ్చింది. 3.1 రావటానికి 2005 జూన్ 6 దాకా పట్టింది. దాదాపు మూడేళ్లు. ఇంకా ఒక్క మార్పు, ఇంకా ఒక్క మార్పు అనుకుంటూ పోతే మొదట సిద్ధమైనవి పాతబడిపోతాయి. పని ముగించినవాళ్లకు ఆ ఫలితం జనం చేతిలో కనిపించదు, ఉత్సాహం చల్లారుతుంది. చివరి క్షణంలో ఎలాగోలా తమ మార్పును చొప్పించాలని ప్రతివాళ్లూ తొందరపడతారు. ఈ విడుదల తప్పితే మళ్లీ ఎన్నేళ్లకో అన్న భయం వాళ్లది. ఆ తొందర విడుదలను మరింత వెనక్కి నెడుతుంది.

గ్నోమ్ డెస్క్‌టాప్ బృందం 2002లో 2.0 సంచిక తర్వాత ఆరు నెలలకొక విడుదల అనే పద్ధతికి మారింది. మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. ఉబుంటు 2004 అక్టోబరులో పుట్టినప్పటి నుంచే ఆ దారి పట్టి, సంచికల సంఖ్యల్లోనే ఏడాదినీ నెలనూ చెప్పటం మొదలుపెట్టింది. 2006 ఏప్రిల్‌లో రావాల్సిన సంచికకు మరింత పదును కావాలని జూన్‌కు జరిపినప్పుడు దాని సంఖ్య 6.06 అయింది. ఆ వాయిదా ఆ పేరులో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఈ తగువు మీద లోతైన అధ్యయనం మార్టిన్ మిషెల్‌మయర్‌ది. డెబియన్‌కు 2003 నుంచి 2005 దాకా నాయకుడిగా ఉన్న ఆయన, స్వచ్ఛంద ప్రాజెక్టుల్లో విడుదల నిర్వహణకూ నాణ్యతకూ ఉన్న సంబంధం మీద 2007లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి పీహెచ్‌డీ గ్రంథం సమర్పించారు. డెబియన్, గ్నోమ్, లినక్స్ కెర్నల్, ఓపెన్‌ఆఫీస్ వంటి ఏడు ప్రాజెక్టులను పరిశీలించారు. ముందే తెలిసిన తేదీ ఉంటే మనుషుల మధ్య సంప్రదింపుల అవసరమే తగ్గిపోతుందన్నది ఆయన తేల్చిన ముఖ్య విషయం. ఎవరి పని వాళ్లు ఆ తేదీకి సర్దుకుంటారు. అయితే దీనికొక షరతు ఉంది. ప్రాజెక్టు చిన్న చిన్న భాగాలుగా విడివడి ఉండాలి, ఒక భాగం ఆగిపోతే మిగతావి కదలగలగాలి.

పల్నాడువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ల తేదీని పంచాంగం నిర్ణయిస్తుంది. ఏ ఊరి ప్రభను ఆ ఊరు తన ఖర్చుతో, తన మనుషులతో కట్టుకుంటుంది. అన్ని ఊళ్లకూ కలిపి ఆజ్ఞలిచ్చే పెత్తందారు లేడు. ఒక ఊరి ప్రభ లేవలేదని శివరాత్రి ఆగదు, ఆ ఊరు మరుసటి ఏడు వస్తుంది. తేదీ ఆధారంగా నడిచే విడుదల సారం సరిగ్గా ఇంతే.

ఇరవై ఏళ్లలో ఈ తగువు చాలావరకు తేదీ వైపే తీరింది. లిబ్రేఆఫీస్ ఫిబ్రవరిలో, ఆగస్టులో వస్తోంది. పైథాన్ భాష 2020లో వచ్చిన 3.9 సంచిక నుంచి ఏటా అక్టోబరును పట్టుకుంది. లినక్స్ కెర్నల్‌కు కొత్త మార్పులు తీసుకునే గడువు రెండు వారాలు, ఆపైన వారానికొక పరీక్షా సంచిక, తొమ్మిది పది వారాలకు అసలు విడుదల. డెబియన్ సైతం మధ్యేమార్గానికి వచ్చింది. ఫ్రీజ్ తేదీలు ముందే చెబుతుంది, తీవ్రమైన లోపాలు సరిపడా తగ్గాకే విడుదల రోజును ప్రకటిస్తుంది. దాంతో 2021 ఆగస్టు, 2023 జూన్, 2025 ఆగస్టు అంటూ రెండేళ్ల వరస కుదిరింది.

మూడో దారీ ఉంది. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ సాధారణంగా ప్రతివారం కొత్తదవుతుంది. మంగళవారం పరీక్షా సైట్లకు, బుధవారం మరికొన్నిటికి, గురువారం మిగతా వికీపీడియాలకు చేరుతుంది. తెలుగు వికీపీడియా ఆ గురువారం గుంపులోదే. మాచర్లలో కూర్చుని వ్యాసం దిద్దే మనిషికి తెలియకుండానే అతని చేతికింది సాఫ్ట్‌వేర్ వారంవారం మారుతోంది. సర్వర్లు ఒక్కరి చేతిలో ఉన్నచోట ఈ పద్ధతి నడుస్తుంది. లక్షల సొంత కంప్యూటర్లలోకి వెళ్లే సాఫ్ట్‌వేర్‌కు గట్టి తేదీలు తప్పవు.

ఆపటమనే పని

విడుదల సమన్వయంలో సగం పని కొత్తవి రానివ్వకుండా ఆపటమే. దీన్నే ఫ్రీజ్ అంటారు. డెబియన్ 12 లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. 2023 జనవరి 12న మొదటి ఫ్రీజ్: అనేక ప్యాకేజీలను ఒకేసారి కదిలించే పెద్ద మార్పులు బంద్. ఫిబ్రవరి 12న రెండోది: కొత్త ప్యాకేజీలు బంద్, చిన్న దిద్దుబాట్లకే అనుమతి. మార్చి 12న మూడోది: కీలక ప్యాకేజీల్లో మార్పులకు విడుదల బృందం ఒప్పుకోవాలి. మే 24న సంపూర్ణ ఫ్రీజ్. జూన్ 10న విడుదల.

ఈ తేదీలను మన గోడ క్యాలెండర్ పక్కన పెట్టండి. మొదటి ఫ్రీజ్ భోగికి రెండు రోజుల ముందు పడింది. రెండోది మహాశివరాత్రికి ఆరు రోజుల ముందు. మూడోది ఉగాదికి పది రోజుల ముందు. చివరి ఫ్రీజ్ పల్నాడు ఎండలు నిప్పులు చెరిగే వేసవి సెలవుల్లో. తేదీలు పెట్టినవాళ్లకు మన పండుగలు గుర్తులో ఉండే అవకాశం తక్కువ. ఇక్కడి నుంచి పని చేయదలచిన బృందం మాత్రం ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టుకోకపోతే, సరిగ్గా పని పడే వారంలో చేతులు ఖాళీ లేక వెనకబడుతుంది.

అన్ని ఫ్రీజ్‌లలోకీ తెలుగువాళ్లకు ముఖ్యమైనది మరొకటుంది. తెరమీద కనిపించే పదాలను మార్చకూడదనే నియమం, అంటే స్ట్రింగ్ ఫ్రీజ్. గ్నోమ్‌లో విడుదలకు కొన్ని వారాల ముందు ఇది మొదలవుతుంది. ఆ తర్వాత ఏ డెవలపరైనా ఒక మెనూలోని వాక్యం మార్చాలనుకుంటే అనువాద సమన్వయ బృందంలో ఇద్దరి అనుమతి కావాలి. కోడ్ రాసేవాడి మీద అనువాదకుడికి దక్కిన హక్కు ఇది. ఈ హక్కు లేనిచోట తెలుగు అనువాదం పూర్తయిన మర్నాడే సగం వాక్యాలు మారిపోయి, తెర సగం తెలుగులో సగం ఇంగ్లీషులో తేలుతుంది. చిన్న భాషలకు విడుదల క్యాలెండర్ ఎంత అవసరమో తెలియాలంటే ఈ ఒక్క నియమం చాలు.

సెలవు రోజుల సంగతీ గమనించదగ్గది. డెబియన్ చివరి నాలుగు సంచికలు, 2019 జులై 6, 2021 ఆగస్టు 14, 2023 జూన్ 10, 2025 ఆగస్టు 9, అన్నీ శనివారాలే. కెర్నల్ విడుదలలకు ఆదివారం అలవాటు. ఆఫీసు వారమంతా సంస్థలది, మిగిలిన రెండు రోజులే స్వచ్ఛంద కార్యకర్త సొంతం.

డబ్బు కలిసినప్పుడు

విడుదల నిర్వాహకుడి పని విసుగు పుట్టించేది, కనిపించనిది, తిట్లు మాత్రం దండిగా తెచ్చేది. దానికి జీతమిస్తే పోదా అన్న ఆలోచన డెబియన్‌లో 2006లో వచ్చింది. విడుదల నిర్వాహకులు ఇద్దరికి చెరొక నెల పూర్తికాలం పని చేసేందుకు డబ్బిచ్చే 'డంక్-ట్యాంక్' ప్రయోగం మొదలుపెట్టారు. ఆ డిసెంబరు 4న రావాల్సిన 4.0 సంచిక 2007 ఏప్రిల్ 8న వచ్చింది. కొందరికి డబ్బు, మిగతావాళ్లకు నమస్కారమా అన్న బాధతో కొందరు డెవలపర్లు విడుదల పని నుంచి తప్పుకున్నారు. జాప్యానికి అదొక్కటే కారణమని తీర్పు చెప్పలేం గానీ, స్వచ్ఛంద సంఘంలో న్యాయభావన దెబ్బతింటే ఏ క్యాలెండరూ కాపాడలేదని తెలిసొచ్చింది.

ఇంతకన్నా మేలైన దారి పదవికి గడువు పెట్టటం. పైథాన్‌లో ఇటీవలి విడుదల నిర్వాహకులు ఒక్కొక్కరు వరసగా రెండు సంచికలు చూసుకుని, తర్వాత మరొకరికి అప్పగిస్తున్నారు. ఎప్పుడు దిగిపోవాలో ముందే తెలిసిన మనిషి ధైర్యంగా ఆ పని ఎత్తుకుంటాడు. మన ఊళ్లలో ఒక్కడే అన్నీ మోసి, పెళ్లో ఉద్యోగమో రాగానే సంఘం మొత్తం మూతపడే తీరును చూసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మొహాలు చూసుకోవటం ఎందుకు?

ఇంటర్నెట్ ఉండగా బస్సు ఛార్జీలు పెట్టుకుని కలవటం దేనికన్న ప్రశ్న సబబైనదే. చరిత్ర దానికి మూడు జవాబులిస్తుంది.

మొదటిది, పని. 1999 జూన్‌లో ఓపెన్‌బీఎస్‌డీ డెవలపర్లు ఒక చిన్న గుంపుగా కెనడాలోని క్యాల్గరీలో కూర్చుని కోడ్ రాశారు. ఉపన్యాసాలు లేవు, వేదిక లేదు. ఈనాటి హ్యాకథాన్‌లకు మూలం ఆ కూడికే. బహుమతులు, స్పాన్సర్ల బ్యానర్లు తర్వాత వచ్చి చేరాయి. ఆ ప్రాజెక్టు నేటికీ ఏడాదికి రెండు విడుదలలు తెస్తోంది. డెబియన్‌వాళ్లు ఫ్రీజ్ కాలంలో పెట్టుకునే 'బగ్ స్క్వాషింగ్ పార్టీ' కూడా ఈ కోవదే. విడుదలకు అడ్డుపడే లోపాల జాబితా ముందేసుకుని వారాంతమంతా వాటినే తగ్గిస్తారు. కూడిక ఫలితం సోమవారానికి అంకెల్లో కనిపిస్తుంది.

రెండోది, గుర్తింపు. డెబియన్‌లో పూర్తిస్థాయి డెవలపర్ కావాలంటే మీ డిజిటల్ తాళాన్ని ఇప్పటికే డెవలపర్లయినవాళ్లు, సాధారణంగా ఇద్దరు, మిమ్మల్ని ఎదురుగా చూసి, గుర్తింపు కార్డు పరిశీలించి ధ్రువీకరించాలి. దీని అర్థం ఆలోచించండి. ఎంత తెలివైన పిల్లవాడైనా గురజాలలోనే ఉండిపోతే, ఏ డెవలపరూ ఆ దరిదాపులకు రాకపోతే, అతనికి ఆ తలుపు తెరుచుకోవటం కష్టం. కూడికలు ఎక్కడ జరుగుతాయన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న అయ్యేది ఇందుకే.

మూడోది, నమ్మకం. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం దీన్ని లోకానికి గట్టిగా నేర్పింది. దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉండే ఆ చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ను ఒకే ఒక్క స్వచ్ఛంద కార్యకర్త మోస్తుండేవాడు. విడుదలలు ఆలస్యమవుతున్నాయని అపరిచితులు అతనిమీద ఒత్తిడి పెంచారు. 'జియా టాన్' అనే పేరుతో సాయానికి వచ్చిన మరో అపరిచితుడు రెండేళ్లకు పైగా మంచి పని చేసి, విడుదల చేసే అధికారం సంపాదించి, 5.6.0, 5.6.1 సంచికల్లో దొంగదారి పెట్టాడు. ఆ సంచికను ఉబుంటులో చేర్చమని బీటా ఫ్రీజ్ ముంగిట అడిగాడు కూడా. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పట్టుకోబట్టి గండం తప్పింది. ఉబుంటు తన ప్యాకేజీలన్నీ మళ్లీ నిర్మించి బీటాను వారం వెనక్కి జరిపింది. ఒంటరి నిర్వాహకుడు, ఎవరూ చూడని సహచరుడు, విడుదల కోసం ఒత్తిడి: ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో చూశాం. ముఖాముఖి పరిచయం మోసాన్ని పూర్తిగా ఆపలేకపోవచ్చు. ఆ నిర్వాహకుడు ఒంటరిగా మిగిలిపోకుండా మాత్రం ఆపగలదు.

తెలుగువాళ్ల అనుభవం

ఈ విషయంలో మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2005 నుంచి హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న 'స్వేచ్ఛ' సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌తో మొదలై, బడిపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ'ను తెచ్చింది, రెండు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్నూ/లినక్స్ వాడుకరుల సంఘాలు పెట్టించింది. 2010లో ఏర్పడిన భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థలో భాగస్వామి అయింది. వేసవి శిబిరాలు, ఇన్‌స్టాలేషన్ మేళాల ద్వారా వేలమంది విద్యార్థులకు లినక్స్‌ను మొదటిసారి చూపించింది. సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిరంతరం విడుదల చేస్తూ పోవటం చాలా బరువైన పని. డెబియన్, గ్నోమ్ వంటి మూల ప్రాజెక్టుల్లోకి తెలుగును నేరుగా పంపితే ఆ బరువు ప్రపంచమంతా పంచుకుంటుంది. మన శక్తి వెళ్లాల్సింది అటే.

అలా నేరుగా మూలంలో చేరినదానికి మంచి ఉదాహరణ ఫ్రీడమ్‌బాక్స్. మన సమాచారం పెద్ద కంపెనీల సర్వర్లలో కాకుండా మన ఇంట్లోని చిన్న యంత్రంలోనే ఉండాలని 2010లో న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ చేసిన పిలుపులోంచి అది పుట్టింది. దాని నిర్మాణంలో ముందు వరసలో నిలిచినవాళ్లలో సునీల్ మోహన్ ఆడప, జోసెఫ్ నూతలపాటి ఉన్నారు. తెలంగాణలోని గంగదేవిపల్లి వంటి పల్లెల్లో స్వేచ్ఛ కార్యకర్తలు దాన్ని ఊరి వైఫైకి వాడి చూశారు. విడుదలల కోణంలో ఫ్రీడమ్‌బాక్స్ ప్రత్యేకత దాని రెండు గడియారాలు. సుమారు రెండు వారాలకొక చిన్న విడుదల డెబియన్ అభివృద్ధి శాఖలోకి వెళుతుంది. రెండేళ్లకొకసారి డెబియన్ స్థిర సంచికతో కలిసి పెద్ద ప్రయాణం చేస్తుంది. చిన్న విడుదల తరచుగా ఉండటంతో కొత్తగా చేరినవాళ్ల పని పక్షం రోజుల్లో జనం చేతికి చేరుతుంది. తాను రాసిన నాలుగు వాక్యాల తెలుగు అనువాదం రెండు వారాల్లో తెరమీద కనిపిస్తే, కొత్తగా చేరిన పిల్ల మళ్లీ వస్తుంది.

కూడికల విషయంలో తెలుగు వికీపీడియా దగ్గర నేర్చుకోదగ్గది ఉంది. 2003 డిసెంబరులో మొదలైన ఈ ప్రాజెక్టు దశాబ్ది ఉత్సవాన్ని 2014 ఫిబ్రవరిలో విజయవాడ కె.బి.ఎన్. కళాశాలలో, ఇరవయ్యేళ్ల పండుగను 2024 జనవరిలో విశాఖపట్నంలో జరుపుకుంది. వ్యాసాలు రాసేవాళ్లకు ఊరూరా అలవాటైన ఈ కలయిక, కోడ్ రాసేవాళ్లకు ఇంకా పెద్ద నగరం దాటి రాలేదు. పైథాన్ వాడేవాళ్ల జాతీయ సభ పైకాన్ ఇండియా 2018లో జరిగింది హైదరాబాదులోనే.

దక్షిణాదిలోని ఇతర రాష్ట్రాలు ఈ గీతను చెరిపేశాయి. తమిళనాడులో విళుపురం జిల్లా కేంద్రం. నరసరావుపేటలాగే కాలేజీలూ బస్టాండూ ఉన్న ఊరు. అక్కడి లినక్స్ వాడుకరుల సంఘం 2023 జనవరి 28, 29 తేదీల్లో తమ ఊళ్లోనే మినీ డెబ్‌కాన్ అనే చిన్న డెబియన్ సభ నిర్వహించింది. డెబియన్ 12 మొదటి ఫ్రీజ్ దాటిన రెండు వారాలకే. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రపంచ డెబియన్ మహాసభ కొచ్చికి వచ్చింది. 2024లో మినీ డెబ్‌కాన్ కర్ణాటకలోని బెళగావికి వెళ్లింది. కేరళలో 2002 నుంచి నడుస్తున్న స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం ఫాంట్ల నుంచి అనువాదాల దాకా మూల ప్రాజెక్టుల్లోనే పని చేస్తోంది. విళుపురానికి సాధ్యమైనది నరసరావుపేటకు అసాధ్యం కాదు.

విమర్శలోని నిజం

కూడికలను గుడ్డిగా పొగడనక్కర్లేదు. హాజరు సంఖ్య, ఫొటోలు, సర్టిఫికెట్లు ఫలితాలుగా చలామణీ అయ్యే జబ్బు మన కాలేజీల్లో బాగా ఉంది. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం ఇందుకు హెచ్చరిక. నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామనటంతో, ఒక పదం కలిపి ఒక చుక్క తీసేసిన పనికిరాని ప్రతిపాదనలు ప్రపంచవ్యాప్తంగా ప్రాజెక్టులను ముంచెత్తాయి. వాటిలో మన దేశం నుంచి వెళ్లినవీ ఎన్నో. జీతం లేని నిర్వాహకులు సెలవు రోజులు వాటిని మూయటానికే ఖర్చుచేశారు. చివరికి ప్రాజెక్టు ఒప్పుకుంటేనే లెక్కిస్తామని నిర్వాహక సంస్థ నిబంధన మార్చింది. విడుదలతో, దాని పనుల జాబితాతో సంబంధం లేని కూడిక ఇలాగే తేలిపోతుంది.

కరోనా కాలంలో 2020, 2021 డెబియన్ మహాసభలు ఆన్‌లైన్‌లోనే జరిగాయి, ప్రాజెక్టు ఆగలేదు. కాబట్టి కూడిక లేకుంటే విడుదలే ఉండదనటం అతిశయోక్తి. అప్పటికే ఒకరినొకరు ఎరిగినవాళ్లు దూరం నుంచీ పని సాగించగలరు. కొత్తవాళ్లకు, ముఖ్యంగా ఇంగ్లీషులో రాయటానికి జంకేవాళ్లకు, పక్కన కూర్చుని చూపించే మనిషి కావాలి. పల్నాడు పిల్లల్లో ఎక్కువమంది ఈ రెండో కోవవాళ్లే.

పల్నాడు లెక్క

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాకు నరసరావుపేట కేంద్రం. ఇంజినీరింగ్ చదువు ఎక్కువగా అక్కడే ఉంది. అందువల్ల కూడికలన్నీ అక్కడే పెట్టాలనిపిస్తుంది. మాచర్ల నుంచి వచ్చే పిల్లకు అది గురజాల, పిడుగురాళ్ల మీదుగా గంటల ప్రయాణం, సాయంత్రం తిరిగి ఇంటికి చేరాలి. అందరికీ నడిమధ్య పడేది పిడుగురాళ్ల. ఒక విడత నరసరావుపేటలో, ఒక విడత పిడుగురాళ్లలో పెట్టుకుని, ఉదయం పదింటికి మొదలై మధ్యాహ్నం మూడున్నరకు ముగిస్తే ఆడపిల్లలు కూడా రాగలుగుతారు. సమయం నిర్ణయించటంలోనే ఎవరు వస్తారో ఎవరు రారో తేలిపోతుంది.

తేదీ ఎంచుకోవటంలో చూడాల్సినవి మూడు. ఏ ప్రాజెక్టు పని చేస్తున్నామో దాని ఫ్రీజ్ తేదీలు. జేఎన్‌టీయూ కాకినాడ పరీక్షల టైంటేబుల్. స్థానిక క్యాలెండర్: సంక్రాంతి, శివరాత్రినాడు కోటప్పకొండకు మళ్లే బస్సులు, జనవరి నుంచి ఇంట్లో అందరినీ చేలోకి రప్పించే మిర్చి కోతలు. ఈ మూడింటి మధ్య దొరికే ఖాళీ ఆదివారాలు ఏడాదికి బహు కొద్ది. వాటిని ఉపన్యాసాలకు ధారపోయటం తగదు.

మరి ఆ రోజు చేయాల్సింది ఏమిటి? పరీక్షా సంచిక పరిశీలన అన్నిటికన్నా అనువైన మొదటి పని. ఇమేజ్ ఫైలు కొన్ని గిగాబైట్లు ఉంటుంది. ఒక్కరు ముందురోజు దించుకుని, ఫైలు చెక్‌సమ్ సరిచూసి, పెన్‌డ్రైవ్‌లకు ఎక్కిస్తే మిగతావాళ్ల డేటా మిగులుతుంది. పాత ల్యాబ్ కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెలుగును భాషగా ఎంచుకోవాలి. తర్వాత ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో 'స్త్రీ', 'జ్ఞానం', 'రాష్ట్రం', 'ఉజ్జ్వల' టైపు చేసి చూడాలి. ఫైలు పేర్లలో వత్తుల కింది భాగం తెగిపోతోందా? మెనూలో గుణింతం పక్కకు జరిగిందా? పీడీఎఫ్‌గా మార్చినప్పుడు అక్షరాలు విడిపోతున్నాయా? 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిందన్న సంగతి గుర్తుంటే ఈ పరీక్ష విలువ తెలుస్తుంది. అంత పెద్ద కంపెనీ కంటపడనిది తెలుగు చదివే కంటికి దొరుకుతుంది.

తప్పు దొరికాక అసలు పని మొదలవుతుంది. ఏ సంచిక, ఏ యంత్రం, ఏ మెట్లు ఎక్కితే తప్పు కనిపించింది, ఏం రావాలి, ఏం వచ్చింది: ఇవన్నీ రాసి, తెర బొమ్మ జతచేసి, అంతకుముందే ఎవరైనా చెప్పారేమో వెతికి, అప్పుడు పంపాలి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఒకరు, తెలుగు బాగా వచ్చినవాళ్లు ఒకరు జంటగా కూర్చుంటే ఈ పని సాఫీగా సాగుతుంది. కోడ్ రాయలేని తెలుగు మాస్టారికి కూడా ఇక్కడ గౌరవమైన చోటుంది. 'సేవ్', 'డిలీట్' వంటి మాటలను అలాగే ఉంచాలా, 'భద్రపరచు', 'తొలగించు' అనాలా అన్న చర్చను ఆయన లేకుండా తేల్చకూడదు.

బాధ్యతలు మూడు చాలు. తేదీలు చూసేవాళ్లు ఒకరు, పంపిన లోపాల గతి ఏమైందో వెంటాడేవాళ్లు ఒకరు, కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు ఒకరు. ఒక్కో బాధ్యతకు ఏడాది గడువు, ఆరో నెల నుంచే వారసుడికి శిక్షణ. నాలుగో ఏడు ముగియగానే హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయే విద్యార్థులతో నడిచే సంఘానికి ఈ ఏర్పాటు ప్రాణం.

తీర్పు

ఇంతవరకు చూసినదాని సారాంశం ఇది. స్వచ్ఛంద ప్రాజెక్టుకు తేదీ ఆధారిత విడుదలే మేలు, సందేహం అక్కర్లేదు. ఆ తేదీని గౌరవించే ఫ్రీజ్ నియమాలు చిన్న భాషలకు రక్షణ. డబ్బు పరిష్కరించలేనిదాన్ని పదవుల గడువు, పని పంపకం పరిష్కరిస్తాయి. కూడిక అవసరమే, కానీ విడుదల జాబితాలోని ఒక పనికి కట్టుబడి ఉన్నప్పుడే అది ఫలిస్తుంది. కూడికలు మహానగరాల్లోనే జరిగినంత కాలం ఈ సాఫ్ట్‌వేర్ అందరిదీ అనటం సగం నిజమే.

రెండేళ్ల వరస తప్పకపోతే డెబియన్ 14 సంచిక 2027లో రావాలి. గ్నోమ్, లిబ్రేఆఫీస్ విడుదలలు అంతలోపే ఎన్నోసార్లు వస్తాయి. పల్నాడు కాలేజీల అధ్యాపకులకు, విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ఒక ప్రాజెక్టును ఎంచుకోండి, దాని ఫ్రీజ్ తేదీలను ఈ వారమే మీ గోడ క్యాలెండర్ మీద రాయండి, ఆ తేదీకి మూడు వారాల ముందు వచ్చే ఒక ఆదివారం ల్యాబ్ తాళం తెరిపించండి. పదిమంది వచ్చి పది నిజమైన తప్పులు పట్టి పంపినా ఆ విడుదలలో పల్నాడు చేయి ఉన్నట్టే.